ఒకే పేరు, రెండు కార్లు

1964 మార్చిలో ‘కార్ అండ్ డ్రైవర్’ అనే అమెరికన్ మాసపత్రిక ముఖచిత్రం మీద రెండు కార్లు ఒకదానితో ఒకటి పోటీపడి దూసుకువస్తున్నట్టు ఒక బొమ్మ అచ్చయింది. రెంటి పేరూ జీటీఓ. ఒకటి ఇటలీలోని మరనెల్లోలో ఫెరారీ సంస్థ పందేల కోసం తయారుచేసినది. రెండవది మిషిగన్ రాష్ట్రంలో జనరల్ మోటార్స్‌కు చెందిన పాంటియాక్ విభాగం మామూలు కుటుంబాల కారులో పెద్ద ఇంజను అమర్చి అమ్మకానికి పెట్టినది. తిన్నని దారిలో పాంటియాక్‌దే పైచేయి అని లోపలి వ్యాసం తేల్చింది. నిలుచున్న చోటు నుంచి గంటకు 60 మైళ్ళ వేగం అందుకోవడానికి దానికి 4.6 సెకన్లు పట్టిందని రాసింది.

నిజానికి ఆ పోటీ జరగనేలేదు. పత్రికవారికి పరీక్ష కోసం ఫెరారీ జీటీఓ దొరకలేదు. ముఖచిత్రం చిత్రకారుడి ఊహ. పాంటియాక్ మాత్రం పరీక్షకు వచ్చింది గాని, అదీ దుకాణంలో అమ్మే కారు కాదు. 389 ఘనాంగుళాల ఇంజను ఉండవలసిన చోట 421 ఘనాంగుళాల ఇంజను పెట్టి పంపామని, పాంటియాక్ ప్రచారానికి సూత్రధారి అయిన జిమ్ వాంగర్స్ దశాబ్దాల తరువాత తానే వెల్లడించాడు.

జరగని పోటీలో మారువేషం వేసిన కారు గెలిచిందన్నమాట. అయినా అమెరికన్ కార్ల చరిత్రలో ఆ సంచికకు ఉన్న ప్రసిద్ధి తగ్గలేదు. అమెరికన్ మజిల్ కారు గొప్పదా, యూరోపియన్ స్పోర్ట్స్ కారు గొప్పదా అన్న వాదం అంతకుముందూ ఉంది, ఇప్పటికీ సాగుతూనే ఉంది. వాదించేవారు సాధారణంగా దాన్ని అభిరుచికి, జాతి స్వభావానికి ముడిపెడతారు. యూరోపియన్లకు నైపుణ్యం మీద మోజు, అమెరికన్లకు కండబలం మీద మోజు అంటారు. కాని ఈ రెండు జాతుల కార్లు పుట్టిన తీరును దగ్గరగా చూస్తే అభిరుచి కంటే ముందు పన్నుల చట్టాలు, రోడ్లు, పెట్రోలు ధర, జీతాలు కనిపిస్తాయి. ఏళ్ళ తరబడి ఒక నిర్బంధానికి అలవాటుపడిన చెయ్యి క్రమంగా దాన్నే తన శైలిగా చెప్పుకోవడం మొదలుపెడుతుంది. ఆ రెండు జీటీఓల కథ ఇందుకు మంచి ఉదాహరణ.

రెండు నియమాలు, రెండు సందులు

జీటీఓ అంటే ఇటాలియన్‌లో ‘గ్రాన్ తురిస్మో ఒమొలొగాతో’. దూరప్రయాణాలకు పనికివచ్చే కారుగా పందేలకు అధికారిక ఆమోదం పొందినది అని స్థూలార్థం. గ్రాన్ తురిస్మో తరగతిలో పోటీ చెయ్యాలంటే పన్నెండు నెలల్లో 100 కార్లు తయారుచేసి ఉండాలని అంతర్జాతీయ మోటారు సమాఖ్య నియమం. కొనుగోలుదారులకు అమ్మే కార్లే పందెంలో దిగాలి తప్ప, పందెం కోసమే ప్రత్యేకంగా చేసినవి దిగకూడదన్నది దాని ఉద్దేశం. 1962 నుంచి 1964 వరకు ఫెరారీ చేసిన 250 జీటీఓలు మొత్తం 36 మాత్రమే. ఇది కొత్త కారు కాదనీ, అప్పటికే ఆమోదం పొందిన 250 జీటీకి చేసిన మార్పు మాత్రమేననీ ఫెరారీ వాదించింది. సమాఖ్య ఒప్పుకుంది. తన తరగతిలో ఆ కారు వరసగా మూడేళ్ళు విజేతగా నిలిచింది.

అట్లాంటిక్‌కు ఈవల కూడా ఇలాంటి పనే జరిగింది. 1963 జనవరిలో జనరల్ మోటార్స్ తన విభాగాలేవీ పందేల జోలికి పోరాదని ఆజ్ఞాపించింది. పందేల మైదానంలో గెలుపులు చూపి యువకులను ఆకర్షిస్తున్న పాంటియాక్‌కు ఇది పెద్ద దెబ్బ. దీనికి తోడు మధ్యతరహా కార్లలో 330 ఘనాంగుళాలకు మించిన ఇంజను పెట్టరాదన్న నియమం సంస్థలో అప్పటికే ఉంది. పాంటియాక్ ముఖ్య ఇంజనీరు జాన్ డెలోరియన్, అతని సహచరులు బిల్ కాలిన్స్, రస్సెల్ గీ ఒక విషయం గమనించారు. మధ్యతరహా ‘టెంపెస్ట్’ కారులో పెట్టే 326 ఘనాంగుళాల ఇంజనుకూ, పెద్ద కార్లలో పెట్టే 389 ఘనాంగుళాల ఇంజనుకూ బయటి కొలతలు ఒకటే. ఒకటి తీసిన చోట రెండవది సరిగ్గా అమరుతుంది. ఇక మిగిలింది నియమం. అది కొత్త మోడళ్ళకు వర్తిస్తుంది గాని, పాత మోడల్‌కు కొనుగోలుదారు కోరి తగిలించుకునే అదనపు సామగ్రికి వర్తించదని వారు అర్థం చెప్పుకున్నారు. అలా 1964 టెంపెస్ట్ లెమాన్స్ కారుకు సుమారు 295 డాలర్ల అదనపు సామగ్రిగా జీటీఓ పుట్టింది.

పాంటియాక్ అధిపతి పీట్ ఎస్టెస్ దీనికి అనుమతి ఇచ్చాడు. అమ్మకాల అధికారి మాత్రం 5,000 కార్లకు మించి మాట ఇవ్వలేదు. మొదటి ఏడాదే 32,450 అమ్ముడుపోయాయి. 1966 నాటికి ఆ సంఖ్య 96,946కు చేరింది.

ఒక పవిత్రమైన పేరును అమ్మకాల కోసం దొంగిలించారని అప్పట్లో స్పోర్ట్స్ కార్ల అభిమానులు మండిపడ్డారు. పేరు అరువు తెచ్చుకున్నదే, సందేహం లేదు. కాని ఆ పేరులోని ‘ఆమోదం’ అన్న మాట ఫెరారీ విషయంలోనూ కాగితం మీద సాధించినదే. ‘ఇది కొత్త కారు కాదు, పాతదానికి చిన్న మార్పు’ అన్న ఒకే వాదంతో ఇద్దరూ తమతమ నియమాలను దాటారు. ఒకరు దాటినది పందేల నియమం, రెండవవారు దాటినది సొంత సంస్థ నియమం.

గుర్రాల మీద పన్ను

యూరపులో ఇంజన్లు ఎందుకు చిన్నవయ్యాయి? బ్రిటన్‌లో 1921 నుంచి కారు యజమాని తన ఇంజను ‘హార్స్‌పవర్’ను బట్టి, ఒక్కొక్క దానికి ఏడాదికి ఒక పౌను చొప్పున పన్ను కట్టవలసివచ్చింది. ఆ హార్స్‌పవర్ ఇంజను నిజంగా ఇచ్చే శక్తి కాదు. సిలిండరు వ్యాసాన్ని, సిలిండర్ల సంఖ్యను బట్టి ఒక సూత్రంతో కట్టిన లెక్క. పిస్టన్ ఎంత దూరం కదులుతుందన్నది ఆ లెక్కలోకి రాదు. పెద్ద సిలిండర్లున్న అమెరికన్ ఫోర్డ్ మోడల్-టీకి ఈ లెక్కన ఏడాదికి 23 పౌన్లు పడేవి. నిజంగా అది ఇచ్చే శక్తి 20 హార్స్‌పవరే. 1922లో వచ్చిన బుల్లి ఆస్టిన్ సెవెన్‌కు 8 పౌన్లతో సరిపోయేది. దాంతో బ్రిటిష్ ఇంజనీర్లు పావు శతాబ్దం పాటు సన్నని, పొడవైన సిలిండర్లతో చిన్న ఇంజన్లు చేస్తూపోయారు. ఆ పన్ను 1940ల చివర పోయింది గాని, దాని కింద నేర్చుకున్న పనితనం పోలేదు.

ఇటలీలోనూ పన్ను ఇంజను పరిమాణాన్ని అంటిపెట్టుకునే ఉండేది. 1980లో ఫెరారీ అంతటి సంస్థ 2 లీటర్లకు లోబడిన ‘208’ అనే కారును స్వదేశం కోసం చెయ్యవలసివచ్చింది. 2 లీటర్లు దాటితే అమ్మకం పన్ను రెట్టింపు కావడమే దానికి కారణం. భారతదేశంలో కార్లు కొన్నవారికి ఈ తర్కం కొత్త కాదు. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్లకు లోపు పొడవున్న చిన్న ఇంజను కార్లకు ఎక్సైజ్ సుంకం 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించాక, డిక్కీని కత్తిరించినట్టుండే పొట్టి సెడాన్లు భారతీయ రోడ్ల మీద వెలిశాయి. ఆ ఆకారాన్ని గీసిన చెయ్యి సగం ఆర్థికమంత్రిదే.

పన్నుకు తోడు పెట్రోలు. యూరపు దాన్ని దిగుమతి చేసుకోవాలి, దాని మీద మళ్ళీ పన్ను వెయ్యాలి. 1956లో సూయజ్ సంక్షోభం వచ్చినప్పుడు బ్రిటన్‌లో పెట్రోలు రేషన్ మీద అమ్మారు. మూడేళ్ళ తరువాత వచ్చిన మినీ కారు ఆ సంక్షోభానికి సంతానమే. ఇక రోడ్లు. మరనెల్లో నుంచి దక్షిణంగా బయలుదేరితే కొద్ది దూరంలోనే అపెనైన్ కొండల ఘాటు రోడ్లు మొదలవుతాయి. అలాంటి దారిలో తిన్నగా దూసుకుపోగల బలం కంటే మలుపు ముందు ఆగగల బ్రేకు, మలుపులో జారని చక్రం, మలుపు దాటగానే కోరిన గేరు ముఖ్యం.

చిన్న ఇంజను నుంచి పెద్ద శక్తి రాబట్టాలంటే దాన్ని వేగంగా తిప్పాలి. కారు బరువు తగ్గించాలి. బ్రేకులకు, సస్పెన్షన్‌కు పదును పెట్టాలి. 1948లో మొదలైన పోర్షా 356కు వెనుక భాగాన ఫోక్స్‌వాగన్ నుంచి తెచ్చుకున్న 1.1 లీటర్ల ఇంజనే ఉండేది. 1962లో వచ్చిన లోటస్ ఎలాన్ 1.6 లీటర్లతో, ఏడు వందల కిలోల లోపు బరువుతో తనకంటే రెండింతల ఇంజన్లున్న కార్లను మలుపుల్లో వెనక్కి నెట్టింది. పిట్ట కొంచెం, కూత ఘనం. ఆ పిట్టను అంత చిన్నదిగా ఉంచినది మాత్రం పన్ను, పెట్రోలు.

తిన్నని రోడ్లు, చవక పెట్రోలు

అమెరికాలో ఈ నిర్బంధాలేవీ లేవు. ఇంజను పరిమాణం మీద కేంద్ర పన్ను లేదు. 1964లో గ్యాలన్ పెట్రోలు ముప్పై సెంట్ల పైచిలుకు. 1956 నాటి చట్టం కింద 41,000 మైళ్ళ ఇంటర్‌స్టేట్ రహదారులకు పని మొదలయింది. ఊళ్ళ మధ్య దూరాలు ఎక్కువ, దారులు తిన్నవి.

దీనికి తోడు సామాన్యుడికి అందుబాటులో ఉన్న వి-8 ఇంజను. యూరపులో ఎనిమిది సిలిండర్లు సంపన్నుల సొత్తుగా ఉన్న కాలంలోనే, 1932లో హెన్రీ ఫోర్డ్ 65 హార్స్‌పవర్ల వి-8ను చవక కారులో పెట్టి అమ్మాడు. ఆ పాత ఫోర్డులను కారుచవకగా కొని, అనవసరమైన రేకులన్నీ ఊడదీసి, ఇంజనుకు పదునుపెట్టి, కాలిఫోర్నియా ఎండిపోయిన సరస్సుల మీద పరుగెత్తించిన యువకుల నుంచి ‘హాట్ రాడ్’ సంస్కృతి పుట్టింది. రెండవ ప్రపంచయుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికులు దాన్ని పెంచారు. 1951లో వాలీ పార్క్స్ నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ స్థాపించాక, పావు మైలు దూరాన్ని ఎవరు ముందు దాటుతారన్న డ్రాగ్ రేసుకు కట్టుబాట్లు ఏర్పడ్డాయి. కొండదారిలో పందేనికి ఘాటు రోడ్డు కావాలి, సర్క్యూట్ పందేనికి డబ్బున్న క్లబ్బు కావాలి. పావు మైలు పందేనికి వాడకంలో లేని విమానాల రన్‌వే చాలు. అదీ లేకపోతే రాత్రివేళ రెండు సిగ్నళ్ళ మధ్య వీధి చాలు.

1949 నాటి ఓల్డ్స్‌మొబైల్ ‘రాకెట్ 88’ ఒక కొత్త రకం పెద్ద వి-8ను పోల్చిచూస్తే తేలికైన కారులో పెట్టింది. మజిల్ కార్ల వంశవృక్షం అక్కడ మొదలవుతుందని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. 1955లో ఎడ్ కోల్ నాయకత్వంలో వచ్చిన షెవ్రొలే చిన్న వి-8 ఆ బలాన్ని మరింత చవక చేసింది. పాంటియాక్ జీటీఓ ఈ వరసలో వచ్చినదే, అయితే సరైన ముహూర్తాన వచ్చింది. యుద్ధం ముగిశాక 1946లో పుట్టిన పిల్లలకు 1964లో పద్ధెనిమిదేళ్ళు నిండాయి. డెట్రాయిట్ నడిబొడ్డు నుంచి పాంటియాక్ నగరం దాకా సాగే వుడ్‌వర్డ్ అవెన్యూ మీద ఆ పిల్లలు రాత్రుళ్ళు కార్లు వేసుకుని పందేలు కట్టేవారు. కార్లు చేసిన ఇంజనీర్లూ అదే దారిలో ఇంటికి వెళ్ళేవారు. ట్రాయ్‌లో, నోవైలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో స్థిరపడి కార్ల కంపెనీల్లో పనిచేస్తున్న తెలుగు ఇంజనీర్లకు ఆ రోడ్డు ఇప్పుడు పరిచయమే.

లెక్క చూస్తే ఆకర్షణ ఎక్కడుందో తెలుస్తుంది. 1964లో అమెరికన్ కుటుంబాల మధ్యస్థ వార్షికాదాయం సుమారు 6,600 డాలర్లు. ఫెరారీ 250 జీటీఓ కొత్తది 18,000 డాలర్లు, అంటే అలాంటి కుటుంబానికి దాదాపు మూడేళ్ళ సంపాదన. పైగా డబ్బు ఉంటే చాలదు, ఎవరికి అమ్మాలో ఎంజో ఫెరారీ నిర్ణయించేవాడు. పాంటియాక్ జీటీఓ మూడు వేల డాలర్లకు లోపే మొదలయ్యేది. అంటే ఆరునెలల సంపాదన కూడా కాదు. కర్మాగారంలో పనిచేసే యువకుడు వాయిదాల మీద కొనుక్కోవచ్చు. ఆ రెండు కార్లను ఒకే ముఖచిత్రం మీదికి ఎక్కించిన ప్రచారంలో అబద్ధం చాలా ఉంది గాని, ఈ ధర అబద్ధం కాదు.

రెండు గుండెలు

రెంటి ఇంజన్లను గుండెతో పోలిస్తే తేడా సులభంగా అర్థమవుతుంది. నిమిషంలో గుండె పంపే రక్తం రెండు అంశాల గుణకారం: ఒక్క స్పందనలో పంపే రక్తం ఎంత, నిమిషానికి ఎన్ని స్పందనలు. ఇంజను శక్తికీ దాదాపు ఇదే లెక్క. ఫెరారీ 250 పేరులోని 250 ఒక్కొక్క సిలిండరు ఘనపరిమాణం, ఘన సెంటీమీటర్లలో. అలాంటి పన్నెండు చిన్న సిలిండర్లు నిమిషానికి 7,500 చుట్లు తిరిగి సుమారు 300 హార్స్‌పవర్ ఇచ్చేవి. పాంటియాక్‌లో ఒక్కొక్క సిలిండరు దాదాపు 800 ఘన సెంటీమీటర్లు. ఎనిమిది సిలిండర్లు 4,800 చుట్ల దగ్గరే 325 హార్స్‌పవర్ ఇచ్చేవి. ఆనాటి అమెరికన్ అంకెలు ఫ్యాను, సైలెన్సరు వంటి బరువులేవీ లేకుండా ఇంజనును ఒంటరిగా పరీక్షించి చెప్పినవి కనుక వాటిని కొంత తగ్గించుకునే చదవాలి. అలా తగ్గించినా సారాంశం మారదు. ఒకటి వేగంగా కొట్టుకునే చిన్న గుండె, రెండవది నింపాదిగా కొట్టుకునే పెద్ద గుండె.

నడిపేవాడి అనుభవం కూడా ఇక్కడే విడిపోతుంది. ఇంజను చక్రాన్ని మెలితిప్పే బలాన్ని టార్క్ అంటారు. పాంటియాక్ టార్క్ ఫెరారీకి దాదాపు రెట్టింపు, అదీ ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే దొరుకుతుంది. కాలు తొక్కగానే వీపు సీటుకు అతుక్కుంటుంది. దానికి విద్య అక్కరలేదు. ఫెరారీలో బలం పైమెట్టున ఉంటుంది. సరైన గేరు, సరైన చుట్లు, సరైన క్షణం తెలిసినవాడికే అది చిక్కుతుంది. ఒకటి బలాన్ని కానుకగా ఇస్తుంది. మరొకటి అభ్యాసానికి ప్రతిఫలంగా ఇస్తుంది. అమెరికన్ కారు గుడగుడలాడే మంద్రస్వరం, ఇటాలియన్ కారు తారస్థాయి అరుపు ఈ తేడాకే శబ్దరూపాలు.

ఆపడం మాత్రం వేరే సంగతి. 1953లో జాగ్వార్ డిస్క్ బ్రేకుల సాయంతో లెమాన్స్ 24 గంటల పందెం గెలిచింది. 1961లో జెనీవాలో ప్రదర్శించిన జాగ్వార్ ఈ-టైప్‌కు నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, వెనుక చక్రాలకు దేనికది స్వతంత్రమైన సస్పెన్షన్ ఉన్నాయి. 1964 పాంటియాక్ జీటీఓ ఒకటిన్నర టన్నుల పైబడిన బరువును నాలుగు డ్రమ్ బ్రేకులతో ఆపవలసివచ్చేది. వరసగా రెండుమూడు సార్లు గట్టిగా తొక్కితే అవి వేడెక్కి పట్టుతప్పేవి. మూడు వేల డాలర్లలో అంత బలం ఎలా ఇవ్వగలిగారన్న ప్రశ్నకు సమాధానంలో కొంత భాగం ఆ బ్రేకుల్లో ఉంది.

రాకపోకలు

ఈ రెండు లోకాల మధ్య గోడ ఎప్పుడూ లేదు. యుద్ధకాలంలో బ్రిటన్‌లో ఉన్న అమెరికన్ సైనికులు ఎంజీ కార్ల మీద మనసు పడ్డారు. అప్పుల్లో ఉన్న బ్రిటన్ ప్రభుత్వం ఎగుమతి చేసేవారికే ఉక్కు కేటాయించడంతో, ఆ కార్లు అమెరికా దారి పట్టాయి. పాత పన్ను నీడలో పుట్టిన 1,250 ఘన సెంటీమీటర్ల ఎంజీ టీసీ, వేల మైళ్ళ తిన్నని రోడ్లున్న దేశంలో స్పోర్ట్స్ కారుకు నిర్వచనమయింది. నిర్బంధం వల్ల చిన్నదైనది, నిర్బంధం లేనివాడి కంటికి సొగసుగా కనబడింది.

ఎదురుదిశలో నడిచినవాడు కారల్ షెల్బీ. టెక్సస్‌కు చెందిన ఈ డ్రైవరు 1959లో బ్రిటిష్ ఆస్టన్ మార్టిన్ నడిపి లెమాన్స్ గెలిచాడు. హృద్రోగం వల్ల నాలుక కింద నైట్రోగ్లిసరిన్ బిళ్ళ పెట్టుకుని పందేల్లో పాల్గొని, చివరకు 1960లో విరమించాడు. నడపలేనివాడు తయారీకి పూనుకున్నాడు. 1962లో ఏసీ అనే చిన్న బ్రిటిష్ సంస్థ చేసే తేలికపాటి కారులో ఫోర్డ్ వి-8 ఇంజను పెట్టి ‘కోబ్రా’ అన్నాడు. 1965లో ఫెరారీ చేతి నుంచి గ్రాన్ తురిస్మో కిరీటాన్ని లాక్కున్నవి ఆ కోబ్రాలే. 1966లో 7 లీటర్ల ఇంజన్లతో ఫోర్డ్ జీటీ-40లు లెమాన్స్‌లో మొదటి మూడు స్థానాలూ గెలిచాయి. అమెరికన్ ఇంజను మలుపులు తిరగలేదన్న మాట అక్కడితో చెల్లిపోయింది. చాలినంత డబ్బు, తగిన బ్రేకులు ఇస్తే అదీ తిరుగుతుంది. మామూలు మజిల్ కారు తిరగకపోవడానికి కారణం తెలియకపోవడం కాదు, ధర.

వేగానికి వెల

చవకగా దొరికిన బలానికి అసలు ధర మరోచోట పడింది. 1972లో అమెరికన్ రోడ్ల మీద 54 వేల మందికి పైగా చనిపోయారు. ఆ దేశ చరిత్రలో అంతకంటే ఎక్కువ మరణాలు నమోదైన ఏడాది లేదు. ఆ మరణాలన్నీ మజిల్ కార్ల ఖాతాలో వెయ్యడం అన్యాయం. కాని ఇరవై ఏళ్ళు నిండనివాడి చేతికి మూడు వందల హార్స్‌పవర్, డ్రమ్ బ్రేకులు కలిపి ఇస్తే ఏమవుతుందో బీమా కంపెనీలు తమ లెక్కల్లో ముందే గుర్తించాయి. 1960ల చివరికి బరువుకు మించిన బలమున్న కార్లకు, యువ డ్రైవర్లకు ప్రీమియం ఎంతగా పెంచాయంటే, కారు వాయిదా కట్టగలిగినవాడు బీమా కట్టలేకపోయాడు.

ఆ కాలపు ప్రమాదాల్లో స్టీరింగ్ కడ్డీ ఈటెలా డ్రైవరు ఛాతీలోకి దిగేది. పక్కటెముకలు విరిగి, బృహద్ధమని చీలి, ఆసుపత్రికి చేరేలోపే చాలామంది పోయేవారు. 1965లో రాల్ఫ్ నేడర్ రాసిన పుస్తకం, 1966 నాటి రహదారి భద్రతా చట్టం తరువాత, 1968 నుంచి దెబ్బకు కుంగిపోయే స్టీరింగ్ కడ్డీ, సీటు బెల్టులు తప్పనిసరి అయ్యాయి. నేడర్ మొదటి అధ్యాయంలో నిలదీసిన షెవ్రొలే కోర్వేర్, వెనుక ఇంజనుతో, ఊగే ఇరుసులతో ఆనాటి అమెరికన్ కార్లలోకెల్లా యూరోపియన్ పద్ధతికి దగ్గరైనది కావడం గమనించదగ్గది. యూరపు చేతులూ శుభ్రంగా లేవు. 1955లో లెమాన్స్‌లో ఒక కారు ప్రేక్షకుల మీదికి ఎగిరిపడి 80 మందికి పైగా మరణించారు. 1957లో మిల్లె మిల్యా పందెంలో ఫెరారీ కారు జనంలోకి దూసుకుపోయి పిల్లలతో సహా ప్రేక్షకులు మరణించాక, నడిరోడ్ల మీద ఆ పందేనికి తెరపడింది.

కంటికి కనిపించని వెల మరొకటి ఉంది. మజిల్ కారు బలానికి మూలం పెద్ద సిలిండరు ఒక్కటే కాదు, అందులో పెట్రోలు ఆవిరిని గట్టిగా అదిమే కంప్రెషన్ కూడా. అంతగా అదిమితే మామూలు పెట్రోలు సమయానికి ముందే పేలి ఇంజనును కొడుతుంది. దాన్ని అదుపుచేసినది పెట్రోలులో కలిపిన టెట్రాఇథైల్ లెడ్, అంటే సీసం. ఆ గుణాన్ని 1921లో జనరల్ మోటార్స్ ప్రయోగశాలలోనే థామస్ మిడ్జ్‌లీ కనిపెట్టాడు. యూరపు ఫెరారీ కూడా ఆ సీసాన్నే తాగింది గాని, లక్షల సంఖ్యలో ఊరి వీధుల్లో తిరిగినవి అమెరికన్ పెద్ద ఇంజన్లు. పొగగొట్టం నుంచి వచ్చిన సీసం గాలిలోకి, మట్టిలోకి, ఆడుకునే పిల్లల రక్తంలోకి చేరింది. ఎదిగే మెదడుకు అది ఎంత చెరుపు చేస్తుందో వైద్యశాస్త్రం క్రమంగా తేల్చింది.

1970 నాటి పరిశుభ్ర వాయు చట్టం కార్ల కాలుష్యాన్ని 90 శాతం తగ్గించమంది. దానికి ఉత్ప్రేరక కన్వర్టర్ కావాలి. సీసం తగిలితే అందులోని ప్లాటినం నిర్వీర్యమవుతుంది. కనుక సీసం పోవాలి, దానితో పాటు ఎక్కువ కంప్రెషన్ పోవాలి. ఆ నిర్ణయాన్ని జనరల్ మోటార్స్‌లో ముందుకు నడిపినది అప్పటి అధ్యక్షుడు ఎడ్ కోల్. 1955లో చవక వి-8ను, తరువాత కోర్వేర్‌ను తెచ్చినవాడూ ఆయనే. 1970లో షెవెల్ కారులో 450 హార్స్‌పవర్ల ఇంజను అమ్మిన సంస్థ, 1971 మోడళ్ళ నుంచే కంప్రెషన్ తగ్గించింది. 1973 అక్టోబరులో చమురు నిషేధం, 1974లో గంటకు 55 మైళ్ళ జాతీయ వేగపరిమితి మిగిలిన పని పూర్తిచేశాయి. పాంటియాక్ జీటీఓ పేరు 1974లో ఒక చిన్న కారు మీద కనిపించింది, ఆ తరువాత చాలాకాలం కనిపించలేదు. ఆ ఏడాది అమ్ముడుపోయినవి 7,058.

దేశవ్యాప్త ఆరోగ్య సర్వేల ప్రకారం 1976-80 మధ్య అమెరికన్ల రక్తంలో డెసిలీటరుకు సగటున 12.8 మైక్రోగ్రాములున్న సీసం, 1988-91 నాటికి 2.8కి పడిపోయింది. ప్రజారోగ్య చరిత్రలో ఇంత పెద్ద మార్పు ఇంత తక్కువ కాలంలో రావడం అరుదు. మజిల్ కారు అంతరించినందుకు విచారించేవారు ఈ అంకెను కూడా పక్కన పెట్టుకుని విచారించాలి.

పేరు మిగిలింది

తరువాతి కథ వింతగా సాగింది. 250 జీటీఓలలో ఒకటి 2018లో వేలంలో 4 కోట్ల 84 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. పందేల కోసం పుట్టిన కారు పెట్టుబడిగా మారి గాజుగదుల్లో చేరింది. పాంటియాక్ సంస్థే 2010లో మూతపడింది. మజిల్ కార్ల రెండవ తరం కూడా ముగింపుకు వచ్చింది. డాడ్జ్ చాలెంజర్ వి-8లు 2023 చివరతో ఆగిపోయాయి, షెవ్రొలే కమారో కూడా ఆగిపోయింది. తిన్నని దారిలో బలం మాత్రం మునుపెన్నడూ లేనంత సులువైపోయింది. కుటుంబమంతా కూర్చునే ఎలక్ట్రిక్ కారు ఇప్పుడు చప్పుడు లేకుండా వెయ్యి హార్స్‌పవర్ ఇస్తోంది. అరవై ఏళ్ళ కిందట పాంటియాక్ ఇచ్చిన కానుక అదే, చప్పుడు మాత్రం లేదు. ఆ లోటు పూడ్చడానికి డాడ్జ్ తన ఎలక్ట్రిక్ చార్జర్‌లో స్పీకర్లు పెట్టి పాత వి-8 గర్జనను పుట్టించే ప్రయత్నం చేసింది.

చిన్న ఇంజను, పెద్ద ఇంజను అన్న తేడాను పుట్టించిన పన్ను, పెట్రోలు లెక్కలు ఎలక్ట్రిక్ కారుకు వర్తించవు. అయినా పోర్షా అభిమాని మలుపునే తలచుకుంటాడు, మజిల్ కారు అభిమాని మొదటి కుదుపునే తలచుకుంటాడు. కారణాలు పోయాక అలవాటు అభిరుచిగా నిలిచింది. అందులో తప్పేమీ లేదు. ఆవకాయ పుట్టినది ఎండాకాలపు కాయను ఏడాది పొడుగునా దాచుకోవడానికే. ఫ్రిజ్‌లు వచ్చాక కూడా దాన్ని ఎవరూ వదులుకోలేదు.

1995 నుంచి ఏటా ఆగస్టులో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్ల ఊరేగింపు జరుగుతోంది. 1964లో పద్ధెనిమిదేళ్ళున్నవారు ఇప్పుడు ఎనభైకి చేరువలో ఉన్నారు. వారి జీటీఓలు నత్తనడకన సాగుతుంటే, రోడ్డు పక్క మడతకుర్చీల్లో కూర్చున్నవారు చెయ్యి ఊపుతారు. పిల్లలు పొగగొట్టాల పక్కనే నిలబడి ఆ గుడగుడ వింటారు. పెట్రోలు బంకుల్లో ఆ కార్లకు ఇప్పుడు దొరికేది సీసం లేని పెట్రోలే.